కొండకి తొందర పనికిరాదు

ఏప్రిల్ వచ్చిందంటే చీరాలలో నా ఓపీకి యాత్రల వాళ్ళు రావడం మొదలవుతుంది. అమర్‌నాథ్‌కి ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి కాబట్టి ముందుగా పరీక్షలు చేయించుకుందామని కొందరు, కేదార్‌నాథ్‌కో ముక్తినాథ్‌కో వెళ్తూ "ఒకసారి గుండె చూసి చెప్పండి డాక్టరు గారూ" అని కొందరు. పేరాల మగ్గాల వాళ్ళు, మిర్చి వ్యాపారులు, రిటైరైన టీచర్లు. బీపీ, సుగరు, ఈసీజీ బాగుంటే ఇక భయం లేదనుకుంటారు. నేను ఇంకోటి కూడా అడుగుతాను: "పైన మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?" ట్రావెల్స్ వాళ్ళకే తెలుసంటారు.

ఒక బట్టల వ్యాపారి సంగతి చెప్పాలి. యాభై దాటిన మనిషి, సిగరెట్టు ముట్టలేదు, రోజూ తెల్లారకుండానే నడక. హెలికాప్టర్‌లో కేదార్‌నాథ్ చేరి, దర్శనం బాగా జరిగిందని అక్కడే ఉండిపోయారు. రెండో రాత్రి పొడిదగ్గు పట్టుకుంది. జలుబేమోనని ఛాతీకి విక్స్ రాశారు, అల్లం టీ పట్టారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చున్నారు. పక్కనున్న నీళ్ళ సీసా అందుకోబోయినా ఆయాసమే. "దేవుడి దగ్గరకొచ్చి భయమేంటి" అన్నారట తోటివాళ్ళు. భార్య మాత్రం పట్టుబట్టి పొద్దున్నే కిందికి దింపించింది. ఊరికి వచ్చాక ఆమె చూపించిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి నిండా దూదిపింజలు చల్లినట్టు తెల్లటి మచ్చలు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. దానికి మొదటి మందు కిందికి దిగడమే. ఆ మందు సమయానికి వేసింది ఆవిడే.

మనం సముద్రం ఒడ్డున బతికేవాళ్ళం. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సగమవుతుంది, ఎవరెస్టు కొసన మూడో వంతుకి పడిపోతుంది. దానికి శరీరం ముందు ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో రక్తంలో క్షారగుణం ఎక్కువవుతుంది, ఆ క్షారాన్ని మూత్రపిండాలు బయటికి పంపడానికి రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలే కావాలి. ఎంత డబ్బున్నా, ఎంత కసరత్తు చేసినా ఈ గడువు తప్పదు.

నమ్మని వాళ్ళకి మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌ల గురించి చెబుతాను. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కిన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వాళ్ళు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. శిఖరం మీది ఫొటో అందరూ చూశారు. వైద్యుడిగా నన్ను ఆకట్టుకునేది దానికి ముందరి నెలలు. గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికతో, శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షణలో ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ, ఆపైన గడ్డకట్టే చలిలో లడఖ్. అసలు యాత్రకే 52 రోజులు. ఇలాంటి యాత్రల్లో పై శిబిరానికి ఎక్కి, మళ్ళీ దిగివచ్చి కింద పడుకుంటారు, ఒళ్ళు అలవాటుపడేదాకా అంతే. పేద ఇళ్ళ నుంచి వచ్చిన ఆ పిల్లలకి దక్కిన అన్నిటికన్నా విలువైనది ఆ గడువేనని నా నమ్మకం.

మా పాత పేషెంటు కొడుకు మారథాన్‌లు పరుగెత్తే కుర్రాడు. విమానంలో లేహ్‌లో దిగాడు, 3,500 మీటర్లు. మర్నాడే బైకు మీద 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమకి. స్నేహితుల ప్లాన్ చెడుతుందని తలనొప్పి, వాంతులు దాచిపెట్టాడు. సాయంత్రం నడకలో తూలుతుంటే తాగాడనుకున్నారు. ఆ తూలడం మెదడు వాపుకి గుర్తు. అక్కడి ఆసుపత్రిలో ఆక్సిజన్, డెక్సామెథసోన్ ఇచ్చి బతికించారు. "నేను ఫిట్‌గానే ఉన్నాగా అంకుల్" అన్నాడు తర్వాత. ఫిట్‌గా ఉన్నవాళ్ళు ఇతరుల కన్నా త్వరగా పైకి పోగలరు, ముప్పు అక్కడే ఉంది.

ఈ ఏడు వెళ్ళేవాళ్ళకి నా మనవి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగనివ్వకండి. హెలికాప్టర్‌లో కేదార్‌నాథ్ వెళ్తే దర్శనం చేసుకుని అదే రోజు దిగండి. లేహ్‌లో మొదటి రెండు రోజులు ఊరు దాటకండి. ఆడవాళ్ళు హిమోగ్లోబిన్ చూపించుకోకుండా బయల్దేరవద్దు. అసిటజోలమైడ్ మాత్ర కొందరికి మేలు చేస్తుంది, సల్ఫా మందులు పడకపోతే ముందే డాక్టరుకి చెప్పండి. తలనొప్పి ఉండగా ఇంకా పైకి ఎక్కవద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తిన్నగా నాలుగడుగులు వేయలేకపోతున్నా అర్ధరాత్రయినా సరే ఆ మనిషిని కిందికి దించండి. ఒంటరిగా మాత్రం పంపకండి, మీలో ఒకరు తోడు దిగండి.