ట్రైలర్ కింద నీళ్ల చప్పుడు

తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లు కారుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. మంచం కింద నుంచి వస్తోంది. మామూలు ఇల్లయితే ఎవరో కుళాయి కట్టడం మరిచిపోయారనుకునేవాణ్ని. మేం పడుకున్నది చక్రాల మీదున్న ఇంట్లో. టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయ చూద్దామని అక్కా బావా రెండు రోజులకు అద్దెకు తీసుకున్న ట్రావెల్ ట్రైలర్ అది. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఆ ఇంట్లో మంచాలు, వంటగట్టు, షవర్, టాయ్‌లెట్ అన్నీ ఉంటాయి. టాయ్‌లెట్ కూడా ఉందన్నదే ఆ క్షణంలో నా భయం.

"బావా, కింద ఏదో పగిలింది" అని లేపాను. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావ టార్చి పట్టుకుని ట్రైలర్ కిందికి దూరాడు. వెనకే నేను.

"వాసన వస్తోందా?"

"లేదు."

"అయితే బతికాం."

ట్రైలర్‌లో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. మాది 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. సింకు, షవర్ నీళ్లు చేరేది గ్రే ట్యాంకు. మూడోది బ్లాక్ ట్యాంకు, దేనికో పేరే చెబుతుంది. అడుగున వేలాడే గొట్టాలు అప్పటిదాకా నాకన్నీ ఒకటే. బావ ఒక్కొక్కటే చూపించాడు. ఎరుపు, నీలం మూతలున్నవి వేడినీళ్ల, చన్నీళ్ల లైన్లను ఖాళీ చేయడానికి. లేకపోతే చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి పైపులు పగులుతాయి. వాటి పక్కనే మంచినీళ్ల ట్యాంకు డ్రెయిన్. ఈ మూడూ పొడిగానే ఉన్నాయి. కారుతున్నది నాలుగోది. దానికి మూత లేదు, వాల్వు లేదు. ఓవర్‌ఫ్లో పైపు.

ఇది మాత్రం నాకు చిన్ననాటి చుట్టమే. మా ఊళ్లో మోటారు ఆపడం మరిచిపోతే డాబా మీది ట్యాంకు నుంచి ధార కట్టేది. ఎదురింటి పిన్నిగారు "మీ ట్యాంకు నిండిందర్రా" అని కేకేసేది. కానీ ఇక్కడ ట్యాంకు నింపిందెవరు? రాత్రి పార్కు కుళాయికి గొట్టం తగిలించాం. ఆ నీళ్లు నేరుగా సింకుకీ షవర్‌కీ పోవాలి, ట్యాంకు జోలికి వెళ్లకూడదు. అలా వెళ్లకుండా ట్యాంకు నీళ్లు తోడే పంపులో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది. అది అరిగిపోతే కుళాయి ఒత్తిడికి నీళ్లు వెనక్కి తన్ని ట్యాంకులో చేరతాయి. రాత్రంతా చేరాయి. ఓవర్‌ఫ్లో లేకపోతే ట్యాంకు ఉబ్బి పగిలేదే. కుళాయి కట్టేస్తే కాసేపటికి ధార సన్నబడి ఆగిపోయింది. ఆ తర్వాత గొట్టం జోలికి పోకుండా పంపుతోనే నెట్టుకొచ్చాం.

టీ తాగుతూ అడిగాను. "మరి మురుగు ట్యాంకులకు ఓవర్‌ఫ్లో ఎక్కడ?"

"ఉండదు."

"నిండితే?"

బావ షవర్ వైపు చూపించాడు. గ్రే ట్యాంకు నిండితే నీళ్లు తమకు అందే అన్నిటికన్నా కింది రంధ్రం వెతుక్కుంటాయి. మా ట్రైలర్‌లో అది షవర్ నేలలోనే ఉంది. అంటే మీరు కడిగిన అంట్ల నీళ్లు మీరు స్నానం చేస్తుండగా మీ పాదాల దగ్గరికే వస్తాయి. బ్లాక్ ట్యాంకు సంగతి మీరే ఊహించుకోండి.

పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేశాను. బాధ్యత గురించి చాలా పేజీలే చదివాను. ఇంత సూటిగా ఎక్కడా చూడలేదు. మంచినీళ్లు ఎక్కువైతే నేల మీదికి, మురుగు ఎక్కువైతే చేసినవాడి కాళ్ల దగ్గరికి. మన నగరాల్లో ఏర్పాటు దీనికి తలకిందులు. ఐదో అంతస్తులో ఫ్లష్ నొక్కినవాడి బాత్రూమ్ పొడిగానే ఉంటుంది. పొంగేది పల్లంలోని బస్తీ మ్యాన్‌హోల్. అందులోకి దిగేది మరొకరు. ఈ పనులు మాన్పించడానికి 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మ్యాన్‌హోల్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాంటి చావుల మీద నేను మూడు కథనాలు రాశాను. మూడుసార్లూ రోడ్డు మీదే నిలబడ్డాను, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

మా స్థలంలో నీళ్లు, కరెంటు ఉన్నాయిగానీ మురుగు కనెక్షన్ లేదు. అందుకని బయల్దేరే ముందు పార్కులోని డంప్ స్టేషన్ దగ్గర ఆగాం. మా ముందు నాలుగు ట్రైలర్లు. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, గ్లౌజులు వేసుకుని ఈల వేస్తూ తన పని కానిస్తున్నాడు. అమెరికావాళ్లు మహానుభావులని కాదు. సొంతింట్లో ఫ్లష్ నొక్కాక అదెటు పోతుందో వాళ్లలోనూ చాలామందికి పట్టదు. ట్రైలర్‌లో తప్పించుకునే దారి లేదు, అంతే.

బావ గ్లౌజులు తొడుక్కోబోతుంటే నేను తీసుకున్నాను. మూడంగుళాల గొట్టం ఒక కొస ట్రైలర్‌కు బిగించాలి, రెండోది నేలలోని రంధ్రంలో పెట్టాలి. ముందు బ్లాక్ వాల్వు, అది ఖాళీ అయ్యాకే గ్రే. అప్పుడు సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఇంత సులువైన పనికి హ్యాండిల్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

"లాగవోయ్, వెనకవాళ్లు చూస్తున్నారు" అన్నాడు బావ.

లాగాను. గ్లౌజుల్లోంచి కూడా గొట్టం అదిరినట్టు తెలిసింది.

డాలస్ చేరాక అమ్మ వీడియో కాల్ చేసింది. అక్క అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"అయ్యో, అల్లుడుగారి చేత ఆ పని చేయించారా?" అంది అమ్మ.

నేనే చేశానన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"తలస్నానం చేశావా?" అనడిగింది.