గొంతు ముందు, దడ తర్వాత

ఏవండీ వదినగారూ, బట్టలారేయడం అయ్యిందా? ఆ బక్కెట్టు అక్కడ పెట్టి ఓసారి ఇలా గోడ దగ్గరికి రండి. మీ చిన్నాడు కంప్యూటర్‌కి వూఫర్ ఉన్న స్పీకర్లు కొనమని పోరుపెడుతున్నాడని మీ అత్తగారు చెప్పారు. వెయ్యి వాట్ల సెట్టేదో చూశాడట, రెండు వేలకే వచ్చేస్తుందన్నాడట. డబ్బు కట్టేశారా? ఇంకా లేదూ, హమ్మయ్య. అయితే నా మాట కాస్త చెవిన వేసుకోండి. మా మావగారు పవర్‌పేటలో రేడియో రిపేరు కొట్టు నడిపిన మనిషి కదా. ఆయన చెప్పగా విన్నదీ, పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ నా చెవికి తెలిసిందీ కలిపి చెబుతున్నాను.

ముందు ఆ వెయ్యి వాట్ల సంగతి. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో వేసే ఆ అంకెని పీఎంపీఓ అంటారు. దానికి లెక్కా పత్రం లేదండీ, ఎవరికి తోచినంత వాళ్ళు వేసుకుంటారు. మనం చూడాల్సింది ఆర్ఎంఎస్ అని రాసిన అంకె. ఆగకుండా మోగుతూ ఆ స్పీకరు నిజంగా ఇవ్వగలిగేది అంతే. లాజిటెక్ వాళ్ళ జెడ్213 అని చిన్న సెట్టుంది, దాని ఆర్ఎంఎస్ 7 వాట్లు. వాళ్ళదే జెడ్313కి 25 వాట్లు, అందులో వూఫర్‌కి 15, చిన్న స్పీకర్లకి చెరో 5. క్రియేటివ్ వాళ్ళ పెబుల్ ప్లస్‌కి 8. పేరున్న కంపెనీలే ఇలా రాసుకుంటుంటే, రెండు వేల పెట్టెలో వెయ్యి వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి?

ఆర్ఎంఎస్ ఎక్కడా రాయలేదనుకోండి, అప్పుడేం చెయ్యాలో మావగారు నాకు చూపించారు. ప్లగ్గులో గుచ్చే ఆ నల్ల అడాప్టర్ ఉంటుందే, దాన్ని తిరగేసి చూడండి. సన్నక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉండి, పక్కన 12 ఓల్టులు, 1.5 ఆంపియర్లు అనో మరోటో ఉంటుంది. ఆ రెండూ గుణించండి. పన్నెండున్నూ ఒకటిన్నరా అంటే 18 వాట్లు. లోపలికి వచ్చే కరెంటే 18 వాట్లయితే బయటికి వందా, వెయ్యీ ఎలా వస్తాయి? అందులోనూ కొంత వేడికింద పోతుంది. మీ చిన్నాడు తాడేపల్లిగూడెం నిట్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నవాడే కదా, ఈ గుణకారం వాడిచేతే చేయించండి. వాడి నోటితో వాడే చెబితే మీతో వాదించడు.

అంత తక్కువ వాట్లు సరిపోతాయా అని అనుమానపడకండి. మీ ముందుగది పదకొండడుగులు ఉంటుందేమో. ఆ గదిలో నలుగురు మాట్లాడుకుంటుండగా పాట హాయిగా వినడానికి ఒక వాటు కూడా ఖర్చవదు. ఇంకో సంగతి, వాట్లు రెట్టింపు చేస్తే చప్పుడు రెట్టింపవదు. చెవికి రెండింతలు పెరిగినట్టు అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. అందుకే 20 వాట్ల సెట్టుకీ 40 వాట్ల సెట్టుకీ ధరలో తేడా మన పర్సుకి తెలుస్తుంది గానీ చెవికి పెద్దగా తెలియదు.

సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర డీజే బాక్సులు మోగుతుంటే గుండెల్లో దడదడలాడుతుంది చూడండి, కుర్రాళ్ళకి అదే ఇంట్లోనూ కావాలనిపిస్తుంది. వాళ్ళ సరదా నేను కాదనను. కానీ మీ ఇంట్లో ఆ స్పీకర్లలో ఏం మోగుతాయో ఆలోచించండి. పొద్దున్నే అత్తగారికి హరికథలు, సాయంత్రం అన్నయ్యగారికి ఘంటసాల పాటలు, వాడికి క్లాసులూ, సినిమాలూ. అన్నింటిలోనూ మనిషి గొంతే ముఖ్యం. అసలు మన చుట్టుపక్కల ఊళ్ళు చూడండి. మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరాలో 1931లో వేషం వేసిన ఎల్.వి.ప్రసాద్‌గారిది మన ఏలూరు పక్కన సోమవరప్పాడు. మాట విరుపుతోనే నవ్వించిన రేలంగిగారు గూడెంలో సినిమా హాలు కట్టుకుని అక్కడే స్థిరపడ్డారు. కొల్లేరు దాటితే గుడివాడ దగ్గర చౌటపల్లి, 1922లో ఘంటసాలగారు పుట్టిన ఊరు. ఇలాంటి గొంతులూ మాటలూ విని పెరిగిన ఇళ్ళు మనవి. అక్షరం స్పష్టంగా వినిపించని స్పీకరు మన ఇళ్ళలో ఎందుకండీ? గొంతు ముందు, దడ తర్వాత. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఈ సెట్లలో గొంతు ఎక్కడ పాడవుతుందో చెబుతా వినండి. టూ పాయింట్ వన్ అంటే రెండు చిన్న స్పీకర్లూ, ఒక వూఫర్ పెట్టె. సన్న స్వరాలు చిన్నవాటికి, అడుగు స్వరాలు వూఫర్‌కి పంచుతారు. పెద్ద ఖరీదు సెట్లలో ఆ పంపకం 80 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. అంత కింది చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి వూఫర్ ఎక్కడున్నా ఇబ్బంది లేదు. మనం కొనే చవక సెట్లలో చిన్న స్పీకర్లు మరీ అరచేతిలో పట్టేంత ఉంటాయి. అవి అంత కిందికి దిగలేవు. దాంతో 150, 200 హెర్ట్జ్ దాకా వూఫర్ మీదే పడేస్తారు. మగవాళ్ళ మాటలో అడుగు స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే సగం గొంతు బల్ల మీంచీ, సగం గొంతు బల్ల కిందనుంచీ వస్తుందన్నమాట! వూఫర్‌ని తీసుకెళ్ళి బీరువా పక్కన దూరంగా పెట్టారా, ఘంటసాలగారి గొంతు రెండుగా చీలిపోతుంది. అందుకని చిన్న స్పీకర్లు మరీ బుల్లివి కాకుండా చూడండి. వాటిలోని కోను కనీసం రెండున్నర, మూడంగుళాలుంటే మేలు. వూఫర్ పెట్టెని బల్ల కిందే, కంప్యూటర్‌కి దగ్గర్లోనే ఉంచండి. బేస్ తగ్గించుకునే మర విడిగా లేని సెట్టు మాత్రం ఎంత చవకైనా వద్దు. గొంతు బొంగురుపోకుండా కాపాడేది ఆ మరే.

గది కూడా ఒక వాయిద్యమేనండీ. వూఫర్‌ని మూలకి నెడితే రెండు గోడలూ నేలా కలిసి చప్పుడుని ఉబ్బిస్తాయి. దడ ఎక్కువవుతుంది గానీ మాట మసకేస్తుంది. పదకొండడుగుల గదిలో గోడకీ గోడకీ మధ్య 50 హెర్ట్జ్ దగ్గర తరంగంలో సగం సరిగ్గా ఇమిడిపోతుంది. అప్పుడు గది నట్టనడుమ ఆ స్వరం దాదాపు వినిపించదు, గోడల దగ్గర మాత్రం హోరెత్తుతుంది. కుర్చీ నడిమధ్యన వేసుకుని కూర్చున్న కుర్రాడు బేస్ రావట్లేదని మర తిప్పుకుంటూ పోతాడు, గోడ పక్కన పడుకున్న అత్తగారికి తల దిమ్మెక్కిపోతుంది. దీనికి ఓ ఉపాయం ఉంది. వూఫర్‌ని వాడు కూర్చునే కుర్చీలో పెట్టి, మృదంగం బాగా వినిపించే పాటొకటి వెయ్యమనండి. వాణ్ణి నేలమీద కూర్చోబెట్టి బల్ల కిందా చుట్టూ జరుగుతూ వినమనండి. ఎడం వైపు మోత ఎక్కడ గుండ్రంగా, విడివిడిగా వినిపిస్తే అక్కడే పెట్టె పెట్టాలి. జరిగినకొద్దీ తేడా తెలుస్తుంది. పైసా ఖర్చు లేని పని.

కైకలూరు దగ్గర మా తమ్ముడికి చేపల చెరువులున్నాయి కదా, గట్టు మీద షెడ్డులో వాడూ ఓ సెట్టు పెట్టుకున్నాడు. కొల్లేరు గాలి సంగతి మీకు తెలియనిదేముంది, వానాకాలం బుడమేరూ తమ్మిలేరూ పొంగి వచ్చే రోజుల్లో గోడలే చెమరుస్తాయి. వూఫర్ పెట్టె చాలావాటిలో చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలకే ఉంటుంది. నేలమీద పెడితే అడుగున తేమ పీల్చి అప్పడంలా ఉబ్బుతుంది. వాడిప్పుడు రెండిటుకలు వేసి వాటిపైన పెట్టాడు. కోను చుట్టూ ఉండే అంచు రబ్బరుదైతే మన తేమకి ఆగుతుంది, ఫోముదైతే కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. కొనేటప్పుడు గుడ్డ మూత కొంచెం తీసి చూపించమనడంలో తప్పేం లేదు.

కరెంటు విషయంలోనూ ఓ మాట. చెరువుల్లో ఏరేటర్లు వేసినప్పుడల్లా అక్కడ ఓల్టేజీ పడిపోతుంటుంది. అడాప్టర్ మీద 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉంటే ఆ హెచ్చుతగ్గులకి అది తట్టుకుంటుంది. స్పీకర్లు కంప్యూటర్‌కి తగిలించగానే గుంయ్యిమని ఒకే తీరు మోత వస్తే, అది చాలావరకు మన 50 హెర్ట్జ్ కరెంటు మోతే. రెండింటినీ ఒకే బోర్డులో గుచ్చి చూడండి, ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. అంతేగానీ మూడు పుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్ల పీకెయ్యనివ్వకండి. అది ప్రాణం మీదికొచ్చే పని.

బ్లూటూత్ ఉందని వందలకి వందలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. అందులో చప్పుడు రవ్వంత ఆలస్యంగా వస్తుంది. పాటకి ఫర్వాలేదు గానీ, సినిమాలో పెదవి ఒకసారీ మాట ఒకసారీ అయిపోవచ్చు. క్లాసు వినేవాడికి తీగే నయం.

కొట్టుకి వెళ్ళినప్పుడు వాళ్ళు వేసే పాట వినకండి. దడ బాగా వినిపించే పాటే ఏరి పెట్టుకుంటారు. మీ పాటలు మీ ఫోన్లోనే తీసుకెళ్ళండి. ఒకటి 1957 నాటి మాయాబజార్ పాట. ఆ రోజుల్లో అన్నీ మోనో రికార్డింగులే, దడ పెద్దగా ఉండదు, గొంతు బాగుందో లేదో తేటతెల్లమైపోతుంది. రెండోది పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారి కచేరీ. తీగ మీటగానే మొదట వచ్చే ఆ సన్నటి చరుపు విడిగా తెలియాలి, చెవిలో గుచ్చుకోకూడదు. మూడోది మీ వాడి ఇష్టం, ఎంత బేస్ పాటైనా సరే. ముందు సగం చప్పుడులో విని, తర్వాత ముప్పావుకి పెంచమనండి. పెట్టె గలగలలాడినా, వెనక రంధ్రంలోంచి బుస్సుమని గాలి చప్పుడు వచ్చినా వేరేది చూపించమనండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ ఏలూరులోనే చూస్తారా, విజయవాడ పంపాలా అని అడిగి తెలుసుకోండి.

నన్నడిగితే 10 నుంచి 25 వాట్ల ఆర్ఎంఎస్ ఉండి, బేస్ మర విడిగా ఉన్న టూ పాయింట్ వన్ సెట్టు మీ గదికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫైవ్ పాయింట్ వన్ జోలికి పోకండి. అదే డబ్బుని ఆరు పెట్టెలకి పంచితే ఒక్కటీ మంచిది రాదు.

ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి. సన్న చప్పుడు గోడ దగ్గర ఆగిపోతుంది గానీ బేస్ గోడలోంచి దూసుకొస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు తగ్గించాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, మనలాంటి ఇళ్ళ మధ్య ఆ వేళప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. మన రెండిళ్ళకీ ఎడం చాలా తక్కువ, ఆ పక్కనే మా మావగారి మంచం. పది కొట్టగానే బేస్ మర పూర్తిగా తగ్గించెయ్యమని వాడికి కొన్న రోజే చెప్పండి. శనివారం వాడు గూడెం నుంచి వస్తాడుగా, కొట్టుకి వెళ్ళేటప్పుడు నన్నూ పిలవండి వదినగారూ, నేనూ వచ్చి విని చెబుతాను.