నోరు పెగలని ఆ క్షణం

మూడేళ్ల కిందట ఒక స్కూలు టీచరు నా దగ్గరికి వచ్చింది. అంతకు ముందు ఏడాది రాత్రి బస్సులో పక్క సీటువాడు ఆమె ఒంటిమీద చెయ్యి వేశాడు. ఆమె అరవలేదు, కదల్లేదు. "నోరు పెగల్లేదు డాక్టర్ గారూ. కాళ్లూ చేతులూ నావి కానట్టే అయిపోయాయి" అంది. వాడు చేసిన పనికన్నా, తను అలా ఉండిపోవడమే ఆమెను ఎక్కువ తినేస్తోంది. ఇంట్లోవాళ్లూ అదే అడిగారు, ఎందుకు అరవలేదని.

అప్పట్లో ఒక కౌన్సెలర్ ఆమెతో, "మీ వేగస్ నాడి మిమ్మల్ని ఆపేసిందమ్మా, తప్పు మీది కాదు" అన్నారట. ఆ ఒక్కమాట పట్టుకుని ఆరు నెలలు కంటినిండా నిద్రపోయింది. తర్వాత ఎక్కడో, ఆ సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు తప్పుపడుతున్నారని చదివింది. మళ్లీ నిద్ర దూరమైంది. నా ఎదురుగా కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది: "అయితే అది అబద్ధమా? నేనే కావాలని ఊరుకున్నానా?"

ఆమె విన్నది పాలీవేగల్ సిద్ధాంతం. అమెరికాకు చెందిన స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించారు. మెదడు అడుగు నుంచి గుండె మీదుగా పేగుల దాకా దిగే వేగస్ నాడిలో రెండు దారులున్నాయంటారు ఆయన. ఒకటి పురాతనమైనది, ప్రాణభయంలో మనిషిని బిగుసుకుపోయేలా చేస్తుంది. రెండోది క్షీరదాలతో వచ్చినది, ముఖంతో, గొంతుతో, తోటివారి దగ్గర మనకు కలిగే భరోసాతో ముడిపడింది.

దీన్ని పరిశోధకులు పాల్ గ్రాస్‌మన్, ఎడ్విన్ టేలర్ 2007లోనే గట్టిగా ప్రశ్నించారు. క్షీరదాల్లో గుండె వేగాన్ని ప్రధానంగా తగ్గించేది పోర్జెస్ పాతదన్న దారి కాదని, ఆయన కొత్తదన్న దారేనని వాళ్ల వాదన. 2018లో టేలర్ కూడా ఉన్న బృందం, క్షీరదాలకే సొంతమనుకున్న ఏర్పాటును ఊపిరితిత్తులున్న ఒక చేపలో చూపించింది. పోర్జెస్ జవాబు చెబుతూనే ఉన్నారు. తన మాటను సరిగా అర్థం చేసుకోలేదని, క్షీరదాల్లో ఆ దారి ముఖ కండరాల నాడులతో కలిసి పనిచేసే తీరే తన సిద్ధాంతానికి ప్రాణమని ఆయన అంటారు.

ఈ జవాబు నాకు సగమే నచ్చింది. అపార్థాన్ని సరిదిద్దే హక్కు ఎవరికైనా ఉంది. కానీ ఏ ఫలితం వస్తే తన సిద్ధాంతాన్ని వదులుకుంటారో కూడా చెప్పాలి. శాస్త్రవేత్త ఒట్టో లోవీ తనను అనుమానించినవారికి జవాబిచ్చిన తీరు చూడండి. విషయం ఇదే వేగస్ నాడి. ఒక కప్ప గుండెకు వెళ్లే ఈ నాడిని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని ఇంకో గుండెకు అందిస్తే రెండోదీ నెమ్మదించిందని 1921లో ప్రకటించారు. మిగతావాళ్లు చేస్తే చాలాసార్లు కుదరలేదు, అనుమానాలు రేగాయి. 1926లో స్టాక్‌హోమ్‌లో జరిగిన శరీరధర్మ శాస్త్రజ్ఞుల మహాసభలో ఆయన అందరి కళ్లెదుటా ఆ ప్రయోగాన్ని 18 సార్లు చేసి చూపించారు.

కొందరు థెరపిస్టుల జవాబు నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది. "మా పేషెంట్లకు తగ్గుతోంది కదా, ఇంకేం కావాలి?" అంటారు. తగ్గుతుంది, నిజమే. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుంది, మణికట్టు మీద వేలు పెట్టుకుంటే మీకే తెలుస్తుంది. అంతమాత్రాన సిద్ధాంతం మొత్తం రుజువైనట్టు కాదు. చెడు గాలి వల్ల మలేరియా వస్తుందని నమ్మి చిత్తడి నేలలు ఎండగట్టినప్పుడు కూడా జ్వరాలు తగ్గాయి. అసలు దోషి దోమ. ఆ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే చూశారు.

టీచరుకు ఇదంతా చెప్పలేదు. తేలినదాన్ని, తేలనిదాన్ని విడదీసి చెప్పాను. "ఏ నాడి మిమ్మల్ని ఆపిందన్నది వాళ్ల తగాదా అమ్మా. భయంలో ఒళ్లు బిగుసుకుపోతుందన్నదాంట్లో తగాదా లేదు" అన్నాను. అదే స్టాక్‌హోమ్‌లో అత్యాచారానికి గురై ఆసుపత్రికి వచ్చిన 298 మంది స్త్రీలను అడిగితే, 70 శాతం మంది ఆ సమయంలో ఒళ్లు గణనీయంగా బిగుసుకుపోయిందన్నారు. ఈ అధ్యయనం 2017లో వెలువడింది. ఆ లెక్క కూడా ఆమెకు చెప్పాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం తిప్పి నా ముందు పెట్టింది. "ఆ లెక్క తెలుగులో రాసివ్వండి డాక్టర్ గారూ. మా అమ్మకు చూపించాలి." రాసిచ్చాను.

కౌన్సెలింగ్ చేసే మిత్రులారా, ఇంకా తేలని సిద్ధాంతం మీద పేషెంటు మనశ్శాంతిని నిలబెట్టకండి. ఇది చదువుతున్నవారికీ ఒక మాట: మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే, దయచేసి ఎందుకు అరవలేదని అడగకండి.