రాళ్ల దేశంలో మడవ నీళ్లు

మాది జమ్మలమడుగు. గండికోట అంచున కాళ్లు వేలాడేసుకుని బొరుగులు తింటూ పెరిగినవాణ్ణి. కింద పెన్న, ఎదురుగా ఎర్ర బండలు. నాకు కొత్తగా లోయలు చూపించేదేముందిలే అనే గర్వం ఒకటి ఉండేది. అమెరికాలోని యూటా రాష్ట్రం దక్షిణాన వారం రోజులు డేరా వేసుకుని తిరిగి వచ్చాక అది పోయింది. ఇప్పుడు తెలిసినవాళ్లెవరైనా ‘ట్రిప్ ఎలా జరిగింది?’ అంటే చాలు, అరగంట వదలడం లేదు. మా ఆవిడ పక్కన నిలబడి పారిపొమ్మని వాళ్లకు సైగ చేస్తోంది. మీకు ఆ వీలు లేదు కాబట్టి వినండి.

వెళ్లింది ఐదుగురం. మేమిద్దరం, నాలుగో తరగతి పాప, దాని తమ్ముడు, వేసవికని ఊరి నుంచి వచ్చిన మా అమ్మ. నాలుగో తరగతి పిల్లలకు అమెరికా జాతీయ పార్కుల్లో ఏడాదంతా ఉచిత ప్రవేశం, వాళ్లతో పాటు కారులో ఉన్న ఇంటిల్లిపాదికీ. ప్రతి గేటు దగ్గరా పాస్ చాచి పట్టుకుని మా పాప మమ్మల్ని ఉద్ధరిస్తున్నట్టు ముఖం పెట్టింది.

లాస్ వేగాస్ నుంచి మూడు గంటలు వెళ్తే జాయన్ పార్కు. అక్కడ వర్జిన్ అనే ఏరు కొండను నిలువునా కోసుకుంటూ పోయింది. ‘నారోస్’ అనే చోట రెండు వైపులా వెయ్యేసి అడుగుల గోడలు, మధ్యలో ఏరు తప్ప వేరే దారి లేదు. నీళ్లలోనే నడవాలి. మోకాలి లోతులో, మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ నడిచాం. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆ గోడలు కాదు, వాటిలోంచి కారుతున్న చెమ్మ. మండుటెండలో, ఎర్రటి రాతి గోడ మధ్య నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు, వాటి కింద పచ్చగా వేలాడే ఫెర్న్ మొక్కలు! ఆ కొండలు దాదాపు 19 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక దిబ్బలే, గట్టిపడి రాయయ్యాయి. పైన పడిన వాన ఆ ఇసుకరాతిలోకి ఇంకి దిగుతుంది. అడుగున నీటిని పోనివ్వని మట్టిరాతి పొర అడ్డం రాగానే పక్కకు తిరిగి గోడలోంచి బయటికొస్తుంది. ఇక్కడి కొన్ని ఊటల్లో నీళ్ల వయసు వెయ్యేళ్లు దాటిందట. అంటే నన్నయ భారతం రాసే రోజుల్లో కురిసిన వాన, ఆ మధ్యాహ్నం మావాడి నెత్తిన టప్పున పడి ఉండొచ్చు! వాడు తల తుడుచుకుని చిప్స్ అడిగాడు.

ఎడారంటే నీళ్లు లేని చోటనుకుని బయల్దేరాను. ఆ వారంలో నేను నోరు తెరుచుకుని చూసినవాటిలో దేన్ని చూపించినా, అది నీళ్లు చెక్కిందే.

తర్వాత చూసిన బ్రైస్ పార్కులో ఆ నీళ్లు మంచై పనిచేస్తాయి. ఎనిమిది వేల అడుగుల పైన, ఏడాదిలో దాదాపు సగం రోజులు పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంటాయి. గడ్డకట్టిన నీరు ఉబ్బి రాతి పగుళ్లను చీలుస్తుంది. అలా మిగిలినవే హూడూలనే వేల రాతి స్తంభాలు, జాతరకొచ్చిన జనంలా ఒత్తుకుని నిలబడి ఉంటాయి. అమ్మ చాలాసేపు చూసి ‘ఎవురి శాపంరా ఇది?’ అంది. అక్కడి పాయూట్ జనం చెప్పే కథా అదే. చెడ్డగా బతికిన వాళ్లను కొయోటీ అనే జిత్తులమారి నక్క రాళ్లుగా మార్చేసిందట. అహల్య కథ విన్నవాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదేమో.

ఆ ఎత్తులో పప్పు మాత్రం ఉడకదు. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కర్ ఇంట్లో వదిలేసి వచ్చిన పాపానికి గంటన్నర గ్యాస్ మండించినా కందిపప్పు కందిపప్పులాగే ఉంది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి అమ్మే గట్టెక్కించింది.

తర్వాత 12వ నంబరు రోడ్డు. ఎస్కలాంటే దాటాక ఒక చోట దారి కొండ వెన్ను మీద నడుస్తుంది, రెండు వైపులా లోయే. మా ఆవిడ కళ్లు మూసుకుంది, అమ్మ ఆంజనేయ దండకం అందుకుంది. ఆ దారిలో ఉన్న బౌల్డర్ అనే పల్లెకు 1930లలో కూడా ఉత్తరాలు కంచరగాడిదల మీదే వెళ్లేవంటే ఆశ్చర్యమేముంది!

ఇక క్యాపిటల్ రీఫ్ పార్కు. అసలు చెప్పాలనుకున్నది ఇదే. దాదాపు వంద మైళ్ల పొడవున భూమి మడతపడి లేచింది. ఆ మడత పేరు వాటర్‌పాకెట్ ఫోల్డ్. వాటర్‌పాకెట్ అంటే రాతి గుంటలో నిలిచిన వాన నీళ్లు. మన దొన! దొనల పేరుతో ఒక కొండవరస ఉందని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది. ఆ రాళ్ల నడుమ ఫ్రీమాంట్ ఏటి ఒడ్డున ఫ్రూటా అనే పల్లె. 1880లలో వచ్చిన మార్మన్ కుటుంబాలు, ఏ కాలంలోనూ పదికి మించని ఇళ్లు, ఏటికి కాలువ తీసి తోటలు వేశారు. వాళ్లకంటే ఎంతో ముందే ఫ్రీమాంట్ జనం అదే నీటితో మొక్కజొన్న పండించి, బండల మీద బొమ్మలు చెక్కి పోయారు. ఇప్పుడు ఇళ్లవాళ్లు లేరు, తోటలున్నాయి. పార్కువాళ్లే సాగు చేస్తారు. మా డేరా ఆ తోటల పక్కనే.

జూన్ ఆఖరు, ఆప్రికాట్లు పండాయి. నిచ్చెన అక్కడే ఉంటుంది, చెట్టు కింద తిన్నంత తినొచ్చు. మూట కట్టుకుపోతే తూకం వేసుకుని డబ్బాలో డబ్బులు వేయాలి. మా ఆవిడది హైదరాబాదు. పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా తిని పెరిగిన మనిషి, ఎండినవి తప్ప చెట్టున వేలాడేవి ఎప్పుడూ చూడలేదు. ఎండకు వెచ్చబడ్డ పండొకటి కొరికి, ‘ఇన్నాళ్లూ దీని ముసలితనమే తిన్నానన్నమాట’ అంది. ఎన్ని తిందో చెబితే ఇంట్లో గొడవవుతుంది.

సాయంత్రం చెట్ల సాళ్లలోకి నీళ్లు వదిలారు. మోటారు లేదు, కాలువ వాటం మీదే పారుతున్నాయి. జింకలు తోటలో మేస్తున్నాయి, వెనక గోడలాంటి కొండ నిప్పు రంగుకి తిరిగింది. అమ్మ అవేవీ చూడలేదు. ఒక చోట గట్టు తెగి నీళ్లు దారిలోకి పోతున్నాయి. కొంగు దోపి కాలువలోకి దిగి రెండు చేతులా మట్టి తోడడం మొదలుపెట్టింది.

‘అమ్మా, ఇది గవర్నమెంటు తోట, లేయ్.’

‘నీళ్లకు గవర్మెంటేందిరా? మడవ తెగి ఆ కొసాకు చెట్టుకు అందడంల్యా, సూడు.’

మా పాప కూడా దిగింది. ‘జేజీ, మడవ అంటే?’ అని అడుగుతూ మోచేతుల దాకా బురద పూసుకుంది. ఐదు నిమిషాల్లో గట్టు నిలిచింది, కొస చెట్టు మొదట్లోకి నీళ్లు చేరాయి.

ఆ తర్వాత ఆర్చెస్ పార్కుకీ వెళ్లాం. రెండు వేలకు పైగా రాతి తోరణాలు, అన్నిట్లో పేరున్న డెలికేట్ ఆర్చ్ కింద సూర్యాస్తమయం, ఫోన్ నిండా ఫోటోలు. ఇంటికొచ్చిన రాత్రి అమ్మ ప్రొద్దుటూరులో ఉండే మా పిన్నికి వీడియో కాల్ చేసింది. ‘ఏం సూస్తివే అక్కా?’ అని పిన్ని అడిగింది. అమ్మ ఆ కాలువ వాటం గురించి, తెగిన గట్టు గురించి ముప్పావుగంట చెప్పింది. తోరణాల ఊసు ఒక్కసారీ రాలేదు.