ఇంజను పీల్చు గాలి, విడుచు పొగ

డెట్రాయిట్ నగర పరిసరములలో కాపురముండు తెలుగువారిలో పలువురు కార్లను తయారుచేయు సంస్థలలోనో, వానికి విడిభాగములు సరఫరా చేయు చిన్న కంపెనీలలోనో ఉద్యోగించువారే యగుటచే, మా యిండ్ల విందులలో గోంగూర ప్రస్తావన ముగిసిన పిమ్మట సంభాషణము గేరుపెట్టెల మీదికిని బ్యాటరీల మీదికిని మరలుట ఎవ్వరికిని వింతగా తోపదు. ఐనను, బ్యాటరీ కార్ల రూపకల్పనమే జీవనాధారముగా గల నావంటివాడు 1966 నాటి మస్టాంగ్ నొకదానిని కొని, అందలి ఆరు సిలిండర్ల యింజను నూడదీసి వీ-8 నెక్కింప దలచుట మాత్రము మిత్రులకు కొంత విడ్డూరముగానే తోచినది. మా ఆవిడ యైతే "నడిచే కారుని ఊడదీయడం దేనికండీ?" అని ఒక్క మాటతో తేల్చివేసినది.

ఆ ప్రశ్నకు సమాధానము ఆ పాత యింజను హెడ్డులోనే కలదు. 200 క్యూబిక్ అంగుళముల ఆ యింజనునందు సిలిండర్లకు గాలిని పంచు ఇన్‌టేక్ మానిఫోల్డును హెడ్డుతో గలిపి ఏకముగా పోత పోసినారు; కావున ఎంత పెద్ద కార్బురేటరు తెచ్చి పెట్టినను గాలి వెళ్లు త్రోవ పెరుగదు, దానిని మార్చవలెనన్న హెడ్డునే కోయవలెను. చిన్ననాట మా ఊరి టాక్సీ స్టాండులో నేనెరిగిన అంబాసిడరుది మరియొక విధమైన పిసినారితనము: సిలిండర్లు నాలుగుండగా పొగ వెలువడుటకు హెడ్డున నున్న ద్వారములు మూడే, నడిమి రెండును ఒకే ద్వారమును పంచుకొనవలెను. ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజనును విజయవాడ ఆటోనగరులో దింపించి డీజిలు ఇంజను నెక్కించుకొన్నవారు మా వైపు ఎందరో యుండిరి. ఇంధనపు ఖర్చు తగ్గించుకొనుట వారి తాపత్రయము, పెంచుకొనుట నాది.

ఇంజను మార్పిడిలో శక్తిని గూర్చి యోచించుటకు ముందు చోటును గూర్చి యోచింపవలెను. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనమున లోకమునకు పరిచయమైన మస్టాంగ్, పైకి ఎంత విలాసవంతముగా గనబడినను, 1960 నాటి ఫాల్కన్ అను పొదుపు కారును ఆధారముగా గొని నిర్మింపబడినది. ఆ ఫాల్కనునందు ముందు చక్రముల స్ప్రింగులు పై కంట్రోల్ ఆర్మ్ మీద నిలుచుటచే, వానిని మోయు షాక్ టవర్లు రెండును బానెట్టు క్రింద ఇరువైపుల నుండి లోపలికి చొచ్చుకొనివచ్చి ఇంజను చోటును ఇరుకు చేసినవి. ఒకే వరుసలో నిలుచు ఆరు సిలిండర్లకు దానివలన బాధ లేదు. రెండు పాయలుగా చీలిన వీ-8 కు మాత్రము, హెడ్డు ప్రక్కనుండి పొగగొట్టములు క్రిందికి దిగుటకు మిగులు సందు బెత్తెడే. ఎడమవైపున ఆ బెత్తెడు సందులోనే స్టీరింగు పెట్టెయు, క్లచ్చి లింకేజీయు నుండును.

నాకు దొరికిన యింజను పాత బండ్ల యార్డులో నున్న ఫోర్డ్ ఎక్స్‌ప్లోరరు నుండి దింపినది. మిషిగన్ రాష్ట్రమున శీతకాలమంతయు రోడ్లపై చల్లు ఉప్పు బండి బాడీని తినివేయును గాని ఇంజను జోలికి పోదు. మంచి యింజనులు చెడ్డ బండ్లలో దొరకుట ఇక్కడి సదుపాయము. నాలుగంగుళముల బోరు, మూడంగుళముల స్ట్రోకు, 302 క్యూబిక్ అంగుళములు. హెడ్డుల చివర పోతలో తేలిన నిలువు గీతలు మూడున్నచో జీటీ-40, నాలుగున్నచో జీటీ-40పీ. నావి నాలుగు గీతలవి. ఈ రకమున దహనగది చిన్నది, 60 సీసీ ప్రాంతము. ఎగ్జాస్టు వాల్వు మొదటి రకమున 1.54 అంగుళములు కాగా ఇందు 1.46 మాత్రమే, ఐనను పోర్టు ఆకృతిని దిద్దుటచే పొగను విడుచుటలో దానికి తీసిపోదు. స్పార్క్ ప్లగ్గును గది నడిమివైపు జరుపుటచే మంట నలుదెసలకు సమముగా వ్యాపించును. ఇంత చక్కని యేర్పాటుతో బాటు ఒక చిక్కు వచ్చిపడినది: ప్లగ్గు వెలుపలికి వచ్చు కోణము మారినది. పాత హెడ్డుల కొలతకు వంచిన హెడర్లను, అనగా హెడ్డునుండి పొగను గొనిపోవు గొట్టముల కూర్పును, దీనికి బిగించినచో, గొట్టము సరిగా ప్లగ్గు టోపీ వచ్చుచోటనే అడ్డుపడి, తీగ మాడి, సిలిండరు మిస్సగును. హెడ్డు నొకనాడును హెడరు నొకనాడును విడివిడిగా ఎన్నుకొనుటకు వీలులేదని అప్పుడు బోధపడినది.

హెడర్ల విషయమున బజారు మాట ఎంత లావైన అంత మేలని. నేను దానిని నమ్మను. ఎగ్జాస్టు వాల్వు తెరచుకొనిన క్షణమున పొగతో బాటు ఒక ఒత్తిడి తరంగము గొట్టమున పరుగిడును. గొట్టములు కలియు కలెక్టరు కడ అది తిరుగబడి, అల్పపీడన తరంగమై వెనుకకు మరలును. రెండు వాల్వులును కొంచెము కొంచెము తెరచియుండు స్వల్పకాలమున అది వాల్వును చేరగలిగినచో, మిగిలిన పొగను వెలుపలికి లాగి క్రొత్త గాలిని లోనికి రప్పించును. గొట్టము నిడివి పెరిగిన కొలది ఈ ఉపకారము ఇంజను తక్కువ వేగమున తిరుగునపుడు సిద్ధించును. వ్యాసము మితిమీరినచో పొగ మందగించి, సిగ్నలు కడ నుండి బండి కదలు వేళ కావలసిన టార్కు క్షీణించును. నిత్యము రోడ్డుపై నడుచు 302 కు 1½ మొదలు 1⅝ అంగుళముల గొట్టము చాలును.

పొడవైన హెడర్లు శాస్త్రరీత్యా నాకు నచ్చినవే గాని, మస్టాంగ్ క్రింద అవి నేలకు మరీ చేరువగా వ్రేలాడుచు స్టీరింగునకు అడ్డువచ్చును. పొట్టివి సులభముగా దూరును. పోత ఇనుప మానిఫోల్డు కంటె కొంచెము మేలు, అంతే. ఈ రెంటి నడుమ ట్రై-వై అను పద్ధతి కలదు: నాలుగు గొట్టములు మొదట రెండు జంటలై, ఆ రెండును మరల ఒకటియగును. 1965 నాటి షెల్బీ జీటీ-350 కి ఇట్టివే యుండెను. దీని యందమంతయు జంటలు కూర్చుటలో నున్నది. నా యింజను ఫైరింగు వరుస 1-3-7-2-6-5-4-8; 289 క్యూబిక్ అంగుళముల పాత వీ-8 ది 1-5-4-2-6-3-7-8. నా వరుసలో కుడివైపున 1, 3 వెంటవెంటనే పేలును, ఎడమవైపున 6, 5 అట్లే. క్రాంకు 90 డిగ్రీలు తిరుగునంతలో ఒకే వైపు రెండు సిలిండర్ల పొగ వచ్చిపడును గనుక, వానిని ఒకే జంటగా గలిపినచో ఒకదాని ఒత్తిడి రెండవదానికి ఎదురుపడును. 1ని 2తోను, 3ని 4తోను, 5ని 7తోను, 6ని 8తోను జతపరచినచో ప్రతి జంటలోను ఎడము కనీసము 270 డిగ్రీలగును. రెండు వరుసలను కాగితముపై వ్రాసి లెక్కించి చూడగా ఈ జంటలు రెంటికిని చెల్లినవి. ఆ రాత్రి కలిగిన సంతోషము నాకు ఉద్యోగమున ప్రమోషను వచ్చిన నాడును కలుగలేదు.

మా వీథిలో ఫౌండ్రీ పని నుండి విరమించిన వృద్ధులొకరు ఈ విషయములలో నాకు గురుస్థానీయులు. అల్యూమినియం హెడ్డులు కొనుమని వారి సలహా: పాత తీరు ప్లగ్గు కోణము గలవి దొరకును, బజారులోని హెడర్లలో పెక్కు వానికి పట్టును, హెడ్డుల బరువు దాదాపు సగము తగ్గును. జీవితమంతయు ఇనుము పోతలో గడిపినవారు అల్యూమినియమును సిఫారసు చేయుట నాకు సరదాగా తోచినది గాని, వారి మాటలలో అసత్యమేమియు లేదు. ఐనను ఎక్స్‌ప్లోరరు క్యామ్‌షాఫ్టు సాత్వికమైనది. అది వాల్వును తెరచునంత మేరకే గాలి పోవును, అంతకు మించిన పోర్టులు పెట్టినచో గాలి వేగము తగ్గుటయే ఫలము. పైగా ఆ హెడ్డుల వెల నా యింజను వెలను మించినది.

కావున నాలుగు గీతల హెడ్డులనే ఉంచి, వాల్వులు లాపింగు చేయించి, సీళ్లు మార్పించి, వానికొరకే వంచిన ట్రై-వై హెడర్లను తెప్పించితిని. చేయువారు తక్కువ, అందుచే వెలయు నిరీక్షణయు నెక్కువ. ఉప్పునకు తట్టుకొనుటకును, బానెట్టు క్రింద వేడి తగ్గుటకును సిరామిక్ పూత వేయించితిని. ఫ్లైవీలు, ముందరి డ్యాంపరు 50 ఔన్సుల తూకమువే కావలెను. 1981 వరకు వచ్చిన పాత 302 లవి 28 ఔన్సులవి, అవి దీనికి పనికిరావు.

ఇక మిగిలినది చక్రముల సంగతి. ఆరు సిలిండర్ల మస్టాంగునకు చక్రమునకు నాలుగు బోల్టులే, వెనుక ఇరుసు బలహీనము. వీ-8 ను మోయుటకు ఐదు బోల్టుల హబ్బులు, పెద్ద బ్రేకులు, గట్టి ఇరుసు కావలెను. ఆగస్టు మూడవ శనివారమున జరుగు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ నాటికి ఈ యేడు బండి సిద్ధము కాదని నా యంచనా. గురువుగారు మాత్రము అగునని పట్టుబట్టి, వెనుక ఇరుసు నొకదానిని తమ వ్యానులో నిన్ననే తెచ్చి మా గరాజులో దింపిపోయినారు.