మా ల్యాప్‌టాప్‌లలో బాగానే నడిచింది



ఇది మేం చేసిన ఒక తప్పు గురించి. కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కొంచెం ఓపికగా చదవండి.

గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0లో చోటు దొరికింది. ఆ లిపిలో గోండి పదాలు వెతుక్కోవడానికి మేం నలుగురం పైథాన్‌లో చిన్న ప్యాకేజీ రాసి, ఓపెన్ సోర్సుగా పెట్టినం. మా అందరి ల్యాప్‌టాప్‌లలో ఉన్నది ఉబుంటు. టెస్టులన్నీ పాసయ్యాయి. సంబరపడ్డాం.

కొన్నాళ్లకు ఇంటర్ చదివే ఒక చెల్లె హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఉన్నది విండోస్ కంప్యూటర్. "అన్నా, ఎర్రగ ఏదో వస్తుంది. నాకే సమజైతలేదు కావచ్చు, ఇడిసిపెడ్త తియ్" అన్నది. తప్పు మాది, సిగ్గుపడింది ఆమె. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కారణం చిన్నదే. ఉబుంటులో పైథాన్ ఫైలును యూటీఎఫ్-8గా చదువుతుంది. ఆమె విండోస్‌లో మాత్రం, మేం చెప్పలేదు కాబట్టి, యూరప్ భాషల కోసం చేసిన పాత సీపీ1252 పట్టికతో చదవబోయింది. గోండి అక్షరం ఒక్కోటి 4 బైట్లు. వాటిలో కొన్నింటికి ఆ పట్టికలో చోటే లేదు. అక్కడే ఆగిపోయింది.

విండోస్ మా దగ్గర లేదు, మాక్ కొనే స్థోమత అసలే లేదు. అందుకే గిట్‌హబ్ యాక్షన్స్ పట్టుకున్నాం. పబ్లిక్ ప్రాజెక్టులకు మామూలు రన్నర్లు ఉచితం. యామల్ ఫైలులో ఒక మ్యాట్రిక్స్ రాసినం: ఉబుంటు, విండోస్, మాక్, ఒక్కోదాని మీద 3 పైథాన్ వెర్షన్లు. కోడ్ పంపిన ప్రతిసారీ 9 చోట్ల టెస్టులు నడుస్తాయి. ఫెయిల్-ఫాస్ట్‌ను ఫాల్స్ అని పెట్టండి. లేకుంటే ఒకటి ఫెయిలవగానే మిగతావీ ఆగిపోతాయి.

దిద్దకుండా పాత కోడ్‌నే నడిపి చూసినం. 9 కి 9 పచ్చ! ఎందుకో చూస్తే, మా టెస్టుల్లో అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. మన భాష కోసం రాసిన ప్యాకేజీని మన అక్షరాలతో పరీక్షించనే లేదు. గోండి పదాలు పెట్టగానే విండోస్‌వి 3 ఎర్రబడ్డాయి. ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసినం, అన్నీ పచ్చబడ్డాయి.

చెల్లెకు ఫోన్ చేసి "తప్పు నీది కాదమ్మా, మాది" అని చెప్పినం. ఇప్పుడు ఆమె తన ఊరి పదాలు పంపుతోంది.

యామల్ ఫైలు కావాలంటే అడగండి, పంపిస్తాం. మన దగ్గర లేని మిషన్ మీద కూడా నడిపి చూడండి. మనవాళ్ల ముందు ఉన్నది అదే కావచ్చు.