పడని పండు, మన తోటదే

హోసూరు నుంచి కృష్ణగిరికి దిగే దారిలో శూలగిరి దాటినాక గాలిలో చలువ తగ్గి, ఎర్రమన్ను చేలూ మామిడితోపులూ మొదలవుతాయి. మా గురుబరపల్లి ఆ దారిలోనే ఉంది. ఈ సీమలో ఎండాకాలపు చుట్టరికాలన్నీ పండ్ల గంపతోనే నడుస్తాయి. కూతురి అత్తగారింటికి ఒక గంప, బెంగుళూరులో ఉన్న తమ్ముడికి ఒక గంప, బడి పంతులుకు నాలుగు పండ్లు. ఇచ్చిన పండు వద్దంటే ఇచ్చిన మనిషిని వద్దన్నట్టే.

మా అవ్వకు తోపులో ప్రతి చెట్టు గుణమూ తెలుసు. ముందుగా పండేది సెందూర, అన్నిటికన్నా వెనక నీలం. తోతాపురి లారీలకెక్కి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, మల్గోవా ఇంటికి మిగులుతుంది. ఏ చెట్టు కాయ ఊరగాయలో మెత్తబడకుండా నిలుస్తుందో, దేన్ని గడ్డిలో ఎన్నాళ్లు మాగవేయాలో, వాన పడితే దేనికి ముందు పురుగు పడుతుందో చెట్టు కింద నిలబడి చెప్పేది. కాయను తొడిమెతో కోయించి, ఆ తర్వాత తొడిమె తుంచి బోర్లించి సొన కారనిచ్చేది. తినే ముందు పండ్లను నీళ్ల తొట్టిలో నానవేసేది. సొన తగిలితే మూతి పొక్కుతుందని ఆమెకు తెలుసు. మామిడి, జీడిమామిడి, బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. చర్మాన్ని రేపే గుణం మూడింటికీ ఉంది.

ఇంత తెలిసిన ఇంట్లో మా చెల్లికి మామిడిపండు పడలేదు. సొన కడిగి, తొక్క తీసి ఇచ్చిన ముక్కకే నోరు దురద పెట్టేది, పెదాలు వాచేవి, ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. ఉడుకు చేసింది, పైన పాలు తాపండి అనేవాళ్లు పెద్దలు. దిష్టి తీసేవాళ్లు. సంతలో కొన్న పండైతే ఏ రసాయనంతోనో మాగవేశారనుకోవచ్చు. ఇది మన చెట్టుది, మందు కొట్టనిది. ‘‘మన తోట పండు మే, ఏమీ కాదు, ఒక్క ముక్క తిను’’ అని అవ్వ బతిమాలేది. ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. అందుకే కాదనడం ఆ పిల్లకు అంత కష్టమయ్యేది.

ఒక డాక్టరమ్మ విడమరచి చెప్పాక ఇంట్లో అందరికీ అర్థమైంది. సొన వల్ల వచ్చే పొక్కులు వేరు. అవి సాధారణంగా ఒకటి రెండు రోజులకు, తగిలిన చోట లేస్తాయి. చెల్లికి వచ్చేది పండులో సహజంగా ఉండే ప్రొటీను వల్ల. దాన్ని హాని అనుకుని ఆమె ఒళ్లు నిమిషాల్లో ఎదురు తిరుగుతుంది. మందు లేకుండా పండించినా, పశువుల ఎరువుతో పెంచినా ఆ ప్రొటీను పండులో ఉంటుంది. నానవేస్తే తొక్క మీది సొన పోతుంది గానీ గుజ్జులోని ప్రొటీను పోదు. ఒళ్లు ఇలా మారిపోయే తీరుకు వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో అలెర్జీ అని పేరు పెట్టాడు. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుందని ఫ్రాన్సులో షార్ల్ రిషే, పోల్ పోర్టియే 1902లోనే చూపించారు. ఆ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. గొంతు బిగుసుకుని ఊపిరి అందకపోతే పాలు తాపుతూ కూర్చునే వేళ కాదది. తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షను పడాలి, వెంటనే ఆసుపత్రికి చేరాలి.

అవ్వ చదువుకోలేదు. కానీ చెట్ల గుణాలు గుర్తుంచుకున్నట్టే మనవరాలి ఒంటి గుణమూ గుర్తుపెట్టుకుంది. చెల్లికి వేరే కత్తి, వేరే తట్ట. ఉగాది పచ్చడికి బెల్లం, చింతపండు, వేపపువ్వు కలిపి, మామిడికాయ వేయకముందే ఆమె వంతు గిన్నెలోకి తీసిపెట్టేది. కలిపినాక ముక్కలు ఏరేస్తే చాలదని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. బావి గట్టున జామ, సీతాఫలం నాటించింది. వాటిలో మొదటి పండు చెల్లికే. అవ్వ పోయాక తోపును మా వదిన చూసుకుంటోంది. చెల్లి గిన్నె ఇప్పటికీ ముందే తీస్తుంది.

చెల్లి ఇప్పుడు బెంగుళూరులో ఉంటుంది. ప్యాకెట్ల మీద అలెర్జీ కలిగించే పదార్థాలను విడిగా చెప్పాలని మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనలు అంటాయి. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. మామిడి లేదు. పండ్లరసంలో కలిపిన గుజ్జును, చాట్ మసాలాలోని ఆమ్‌చూర్‌ను ఆమె చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. తోటలో కోసిన పండుకు ఆ చిన్న అక్షరాలు కూడా ఉండవు. పెట్టే మనిషే గుర్తుంచుకోవాలి.

పండ్లు పంచుకుని బతికేవాళ్లం మనం, ఆ అలవాటు పోకూడదు. గంప ఎత్తేముందు మీ ఇంట్లో ఎవరికైనా పడదా అని ఒక మాట అడుగుదాం. పిల్లలు నోరు దురదంటే మారాం అనుకోకుండా నమ్ముదాం, డాక్టరుకు చూపిద్దాం. ఒక్క ముక్కే కదా అనే మాట మాత్రం ఏ ఇంట్లోనూ, ఎంత ప్రేమతోనైనా అనకూడదు.